వాగు లోయలో ఒక ఎండుపుల్ల

లాఠీ పట్టుకున్న ముసలాయన వాగు దాటి నేరుగా మా పిల్లల వైపే వస్తుంటే నేను గబగబా వాళ్ల పక్కకి వెళ్లి నిలబడ్డాను. గుర్గావ్ దాటాక కొండల మధ్య లోయ అది. మావారు కారు దగ్గరే ఉండిపోయారు.

మా చిన్నాడి చేతిలోని ఎండుపుల్లను ఆయన కింద పెట్టించాడు.

"ఈ అడవి ఇక్కడ సమాధైన సాధువు బాబాది, బేటీ. పుల్ల తీసుకెళ్తే ఇంట్లో గేదె పాలు విరిగిపోతాయి."

"మాకు గేదె లేదు, తాఊజీ," అన్నాను, పెదనాన్నా అని అక్కడివాళ్లు పిలిచే పిలుపుతో.

ఆయన జాలిపడ్డాడు. "మరి పిల్లలేం తాగుతారు?"

"ప్యాకెట్ పాలు."

కాసేపు ఆలోచించాడు. "అవీ విరుగుతాయి."

మర్నాడు పొద్దున జనక్‌పురిలో మా ఇంట్లో పాలు విరిగాయి. ఎండలకు విరుగుతాయని కెమిస్ట్రీ చదివిన నాకు తెలుసు. అయినా చిన్నాడి నిక్కరు జేబు వెతికాను. ఇంకో పుల్ల దొరికింది.

"చెప్పులేసుకోండి, లోయకి వెళ్తున్నాం," అన్నాను పిల్లలతో. "నాన్నకి మాత్రం పిక్నిక్ అని చెప్పండి."