కూడలి ఫ్లెక్సీలో అతిశయోక్తి

ఎనిమిదో తరగతికి అలంకారాలు చెప్పే రోజు వచ్చిందంటే నాకు ఒళ్లు మంట. ముఖాన్ని చంద్రుడితో పోల్చే ఆ ఒక్క వాక్యాన్నే చిత్తూరు బళ్లో ఏళ్ల తరబడి అరగదీశాను. పిల్లలు ఆవలించేవాళ్లు, వాళ్లకంటే ముందు నేను ఆవలించేదాన్ని. ఆ ఏడు పుస్తకం మూసేసి, బడి ముందు కూడలిలో కట్టిన ఫ్లెక్సీ చదివి రమ్మన్నాను. మా వార్డు నాయకుడి పుట్టినరోజుకని ఆయన మనుషులు కట్టించింది అది. అంతకంటే మంచి వాచకం నాకెక్కడ దొరుకుతుంది?

పిల్లలు నోటుపుస్తకాలతో వెళ్లి కిసకిసలాడుతూ తిరిగొచ్చారు. ‘పులిలా గర్జించే అన్న’ ఉపమ అన్నారు. ‘అన్న దయాసముద్రం’ రూపకం అన్నారు. ఉన్నదున్నట్టు చెప్పే స్వభావోక్తి ఏదంటే మాత్రం చాలాసేపు వెతికారు. చివరికి ‘ఇంటింటికీ నీళ్లు తెచ్చిన నాయకుడు’ అన్న వరుసను తేల్చారు.

అప్పుడు వెనక బెంచీ పిల్ల లేచింది. రోజూ మొదటి పీరియడు సగమయ్యాక, తడిసిన చున్నీతో గుమ్మంలో నిలబడేది ఈ పిల్లే. వాళ్ల వీధి కొళాయి ఎండిపోయి మూడు నెలలు. ట్యాంకరు వచ్చి బిందెలు నిండితే గానీ బడికి రావడానికి లేదు. అది తెలియక ఎన్నిసార్లు బయట నిలబెట్టానో తలుచుకుంటే ఇప్పటికీ సిగ్గేస్తుంది.

"అది అతిశయోక్తి మేడమ్," అంది.

"ఎందుకని?"

"మా వీధికి రాలేదు గదా. ఈ పొద్దు గూడా ట్యాంకరు కాడ్నించే వస్తా ఉండా."

తరగతి గొల్లుమంది. నేనూ ఆపుకోలేకపోయాను. ఆ పిల్ల చేతే చార్టు రాయించాను. ఫ్లెక్సీ మాటలు పెద్ద అక్షరాల్లో, కారణాలు కింద చిన్న అక్షరాల్లో. వరండాలో పోయేవాళ్లకు కనబడేలా గోడ ఎంచి మరీ తగిలించింది మాత్రం నేనే.

కనబడనే కనబడింది. వారం తిరక్కుండా ఆ ఫ్లెక్సీ రాయించిన పెద్దమనిషి ఊడిపడ్డాడు.

"ఏం టీచరమ్మా, మా అన్నను పిలకాయల కాడ ఎగతాళి చేస్తా ఉండారంట?"

"ఎగతాళి యాడిది నాయనా, పాఠం చెప్తా ఉండా. మీరు రాయించిన దాంట్లో ఉన్నన్ని అలంకారాలు మా పుస్తకంలోనే లేవు," అన్నాను. అనడమైతే అన్నాను గానీ, బదిలీ చేయించారంటే ఏ సరిహద్దు కొండల్లోనో పడతాను.

అతను చార్టు చూశాడు. "అతిశయోక్తి అంటే ఏంది?"

"ఉన్నదానికంటే ఎక్కువ చేసి చెప్పడం. గొప్పవాళ్లకే వాడతారు."

ఆ రెండో మాట నా సొంతం. అతని మొహం వెలిగిపోయింది. చిన్న అక్షరాల జోలికి పోకుండా ఫోన్ తీసి ఫొటో కొట్టాడు.

"అన్నకు సూపించాల," అంటూ వెళ్లిపోయాడు.

సాయంత్రానికల్లా ఆ ఫొటో వార్డు వాట్సాప్ గ్రూపులో పడింది. మన అన్న మీద బళ్లో పాఠం చెబుతున్నారని పైన గొప్పగా రాశాడు. వార్డంతా ఫొటోను పెద్దది చేసి కింద ఉన్నది చదివింది.

నాలుగు రోజుల్లో ఆ పిల్ల వీధిలో గొయ్యి తవ్వారు, పైపు మార్చారు. తర్వాతి సోమవారం మొదటి గంట కొట్టేసరికే ఆ పిల్ల బెంచీలో ఉంది, పొడి చున్నీతో. నేను హాజరు తియ్యకముందే చార్టు దగ్గరికి నడిచింది. అతిశయోక్తిని కొట్టేసి స్వభావోక్తి అని రాసింది. నా కళ్లల్లో నీళ్లు తిరిగాయి.

వెనక్కి రాబోయి ఆగింది. పక్క వీధి నుంచి వచ్చే స్నేహితురాలి బెంచీ ఇంకా ఖాళీగానే ఉంది. మళ్లీ పెన్ను తీసి, స్వభావోక్తి పక్కన చిన్న అక్షరాలతో ఇంకో మాట చేర్చింది.

"మా వీధి వరకు."