నాకు నేర్పని ప్రార్థన

నన్ను కన్న మా అవ్వ బాపుకు సొంత మేనమామ బిడ్డె. పెండ్లి నాటికే కామారెడ్డిల ఉన్న ఆమె తల్లిగారోళ్లు కిరస్తానంల కలిసిండ్రు. ఎల్లారెడ్డిల మా బాపు దిక్కోళ్లు పోచమ్మను ఇడువలే. అందుకని పెండ్లి మాటల్లనే పెద్దమనుషులు ఒక కట్టుబాటు చేసిండ్రట: పుట్టే పిల్లలకు ఇటుదీ చెప్పొద్దు, అటుదీ చెప్పొద్దు, పెద్దగైనంక వాళ్లే తేల్చుకుంటరు. ఏం తెలివో ఏమో, ఇప్పటికీ యాదికొస్తే నాకు ఒళ్లు మండుతది.

ఆ మాట మీద బాపు గట్టిగ నిలబడ్డడు. ఊరంత పోచమ్మకు బోనాలు తీస్తుంటే నన్ను అవ్వ దగ్గర ఇంట్ల ఉంచేటోడు. ఆదివారం అవ్వ ప్రార్థనకు పోతే నన్ను బండెక్కించుకొని చెల్క పనికి తోల్కపోయేటోడు. నా ఈడు పిల్లలు "మీ దేవుడెవరే?" అని అడిగితే, "ఇంట్ల అడిగి చెప్త" అనేదాన్ని. వాళ్లు పడి పడి నవ్వేటోళ్లు.

పొద్దుగాల పొయ్యి ముట్టించే ముందు అవ్వ కండ్లు మూసుకొని ప్రార్థన చెప్పుకునేది. నేను పోయి పక్కన కూసుంటే గొంతు తగ్గించేది. "నాకు చెప్పవా అవ్వా?" అంటే, "బాపుకు మాటిచ్చిన బిడ్డా, ఇంకొన్నేండ్లు ఆగు" అనేది. ఆమెకు మాత్రం చెప్పాలని లేదా? మస్తుగ ఉండె.

జర్మన్ లడాయి మొదలైన ఏడాది అవ్వకు మోతీజరం వచ్చింది. దవాఖాన మందులు, నాటు మందులు, ఏవీ పని చెయ్యలే. ఒకనాడు పగటీలి నన్ను మంచం కాడికి పిలిచి, "నాకు గొంతు లేస్తలేదు, నా పేరు మీద నువ్వు జెర ప్రార్థన చెయ్యి బిడ్డా" అన్నది. నాకేమొస్తది? ఒక్క ముక్క రాదు. ఏడ్పొచ్చి అట్లనే కూసున్న.

అప్పుడు గడప కాడ నిలబడ్డ బాపు మొదలుపెట్టిండు. అవ్వ రోజూ చెప్పుకునే ప్రార్థనే. ఎక్కడా తడుముకోలే, మొదటి నుంచి ఆఖరి దాక చెప్పిండు. ఇన్నేండ్లు ఒకే ఇంట్ల విని విని ఆయనకు నోటికొచ్చింది. నా చెవుల పడకుండ కావలి కాసిన మనిషికి అంత వచ్చు! అవ్వ మాత్రం ఆయన దిక్కు చూడలే. వెంబడి నేను కూడ అంటనేమోనని నా దిక్కే చూసుకుంట పండుకున్నది. ఆ మాపటికే పోయింది.

నెల తిరిగినంక బాపు నన్ను పక్కన కూసోబెట్టుకొని, "నేర్పుత రా బిడ్డా" అన్నడు.

"ఇప్పుడు నేర్చుకొని ఎవరికి వినిపియ్యాలె బాపు?" అని అడిగిన.