యాపిల్ ఏ ఊరిది?

రామచంద్రం గారి దగ్గర ‘అనగనగా ఒక రాజు’ అంటే చెల్లదు. ఏ రాజు, ఏ ఊరు, ఏ సంవత్సరం, ఆ ఏడు వానలు పడ్డాయా లేదా తేలేదాకా కథ గడప దాటదు. వారమంతా హైటెక్ సిటీలో ఎవరో రాసిన సాఫ్ట్‌వేర్‌లో తప్పులు పట్టడం ఆయన ఉద్యోగం. ఆదివారం సాయంత్రం కొండాపూర్‌లో తాముండే అపార్ట్‌మెంటు సెల్లార్‌లో, కార్ల మధ్య ప్లాస్టిక్ కుర్చీ వేసుకుని, పిల్లలకు చెప్పే కథల్లో తప్పులు పట్టడం ఆయన ఆనందం.

“గాజు చెప్పులేసుకుని ఆడితే రెండో అడుగుకే కాలు తెగుతది. అవి తోలు చెప్పులు,” అనేవారు.

“మరి గుమ్మడికాయ బండి?”

“గుమ్మడికాయ రంగు ఎడ్లబండి. కిరాయిది. టైముకు వాపస్ ఇయ్యాలె. అందుకే ఆ పిల్ల గట్ల ఉరికింది.”

ఎగిరే తివాచీ బరువెంతో తేలక ఆ కథ మూడు వారాలు నేల మీదే ఉండిపోయింది. ఆయన భార్య భూలక్ష్మి గారు తలకొట్టుకునేవారు. “మా పెండ్లిచూపుల ముచ్చట చెప్పమన్నా, ముందుగాల ఆ దినం ఎండ ఎంతుండెనో చెప్తడు!”

మూడో అంతస్తు జ్యోతికి మొదట ఈయన ధోరణి పిచ్చిగానే తోచింది. కడప నుంచి వచ్చి గచ్చిబౌలిలో ఉద్యోగం చేస్తున్న జ్యోతి, నాలుగు నెలల కిందటే వంశీని పెళ్లి చేసుకుంది. తల్లి లేని అతని ఏడేళ్ల కూతురు రసజ్ఞకు తల్లయింది. పిల్ల ‘ఆంటీ’ అంటూ కాస్త దగ్గరవుతుండగా స్కూల్లో ఎవరో కథ చెప్పారు. రాకుమారికి సవతి తల్లి విషం పూసిన యాపిల్ పెట్టిన కథ.

ఆ రోజు నుంచి జ్యోతి చేతి ముద్ద రసజ్ఞ ముట్టలేదు. టిఫిన్ డబ్బా వెళ్లినట్టే తిరిగొచ్చేది. సీలు తీయని బిస్కెట్ ప్యాకెట్ అయితేనే నోట్లోకి పోయేది, అదీ సీలు రెండుసార్లు చూశాక.

“చిన్నపిల్ల కదా, మర్చిపోతుందిలే,” అన్నాడు వంశీ. వారమైనా పిల్ల మర్చిపోలేదు. బుగ్గలు మాత్రం లోపలికి పోయాయి.

శుక్రవారం లిఫ్టులో రామచంద్రం గారు జ్యోతి ముఖం చూశారు. “ఏంది తల్లీ, గిట్లున్నవు? పరేషాన్‌ల ఉన్నవా?”

అడగడమే ఆలస్యం, జ్యోతి అంతా చెప్పేసింది. ఆయన ఓదార్చలేదు. నొసలు చిట్లించారు.

“ఆ యాపిల్ ఏ ఊరిది?”

జ్యోతికి ఒళ్లు మండింది. “ఏం సార్ మీరు! పిల్ల అన్నం తినకుండా ఉంటే, మీకు యాపిల్ ఊరు కావాల్నా?”

“కావాలె. ఆదివారం పాపను కిందికి దోలు.”

ఆదివారం జ్యోతి రసజ్ఞను సెల్లార్‌కు పంపి, తను స్తంభం చాటున నిలబడింది. రామచంద్రం గారు గొంతు సవరించుకున్నారు. “గోల్కొండ రాజ్యం. పదహారు వందల ముప్పయ్యో సంవత్సరం, ఘోరమైన కరువు. ఒక ఇంట్ల ఒక పాప, ఒక సవతి తల్లి…”

“ఆమెకు మాట్లాడే అద్దం ఉంటది!” అంది రసజ్ఞ.

“అద్దం ఏడన్న మాట్లాడుతదా? అద్దం తుడిచే మనిషి మాట్లాడింది. అన్నీ చాడీలే.”

“యాపిల్‌కు విషం పూసింది కదా?”

“ఏ విషం? ఎవరమ్మిన్రు?”

రసజ్ఞ బిక్కమొహం వేసింది.

“చూసినవా, ఎవ్వరికి తెల్వది. యాపిల్ సంగతి నాకు తెలుసు. కాశ్మీర్ నుంచి ఒంటెల మీద నెలల తరబడి రావాలె. వచ్చేసరికి మిగిలింది ఒక్కటే పండు. ఆ తల్లి చేతి గాజులిచ్చి తెచ్చింది. తను తినలే, పాపకు పెట్టింది.”

“మరి పాప పడిపోయింది కదా?”

“ఆకలి మీద గబగబ కొరికింది. ముక్క గొంతుల అడ్డం పడ్డది. వీపు మీద చరిచి కక్కించింది ఎవరనుకున్నవు?”

“రాకుమారుడు!”

“ఆయన మచిలీపట్నంల ఉన్నడు. గుర్రమెక్కినా పదకొండు దినాలు. అందాక పాప ఊపిరి ఆగుతదా? పక్కనున్నది ఆ తల్లే బిడ్డా.”

రసజ్ఞ ఆయన కుర్చీ దగ్గరికి జరిగింది. “నీకెట్ల తెలుసు తాతా?”

“శాసనం ఉన్నది. రాయి మీద చెక్కిన్రు,” అన్నారాయన, కన్నార్పకుండా.

పైకొచ్చాక రసజ్ఞ వంటింటి గుమ్మంలో నిలబడింది. “ఆంటీ, యాపిల్ కొయ్యి. చిన్న ముక్కలు. పెద్దవైతే అడ్డం పడతాయి.”

జ్యోతి గోరంత ముక్కలు కోసింది. రసజ్ఞ ఒకటి నోట్లో పెట్టుకుని నమిలింది. “అడ్డం పడితే చరుస్తావు కదా?”

“చరుస్తా.”

“మెల్లగా చరువు,” అని రెండో ముక్క తీసుకుంది. తరువాత పెరుగన్నం కూడా అడిగింది.

మర్నాడు పొద్దున లిఫ్టులో రామచంద్రం గారు కనబడగానే జ్యోతి చేతులు జోడించింది. “సార్, పాప ఆ శాసనం చూడాలని ఒకటే పోరు. ఈ శనివారం తీసుకుపోతాం. గోల్కొండలో ఏ పక్క ఉంది?”

తేదీ లేని మాట నోట రానివ్వని మనిషి లిఫ్టు మీటల వైపు చూశారు.

“మచిలీపట్నం పదకొండు దినాలు. అది లెక్కగట్టే చెప్పిన.”

“శాసనం సార్?”

ఆయన ఇటూ అటూ చూసి గొంతు తగ్గించారు. “ఇంకా దొరకలే తల్లీ. తవ్వాలె.”

లిఫ్టు తలుపు తెరుచుకోగానే బ్యాగు చంకన పెట్టుకుని, ఎవరో తరుముతున్నట్టు ఆఫీసు బస్సు వైపు నడిచారు. జ్యోతి లిఫ్టులోనే నిలబడి, తలుపు మళ్లీ మూసుకునేదాకా నవ్వుతూనే ఉంది.