శుక్రవారం పుస్తకాల బండి

గల్ఫ్ గురించి చదువుకున్నవాళ్ళు రాసినవి చాలా చదివాను. ఎండ, ఇసుక, కన్నీళ్ళు. పాస్‌పోర్టులు బీరువాలో పెట్టి తాళం వేసేవాళ్ళన్న సంగతి ఒక్క వాక్యంలో దాటేస్తారు. ఆ బీరువా ఎవరొస్తే తెరుచుకుంటుందో నా కళ్ళతో చూశాను కాబట్టి ఇది రాస్తున్నాను. నేను బడికి పోయింది రెండేళ్ళే. మిగతా చదువంతా కిరాణా పొట్లాల మీదా, గోడల మీది ఎన్నికల రాతల్లోనూ నేర్చుకున్నదే.

ఎనభైల్లో బహ్రెయిన్‌లో, అరాద్ దగ్గర మా క్యాంపు. ఊళ్ళో అడిగితే మాత్రం మేము దుబాయిలో ఉన్నట్టే లెక్క. కరీంనగర్ జిల్లా వాళ్ళం పన్నెండు మందిమి ఒకే గదిలో, మంచం మీద మంచం. విమానాశ్రయం పక్కనే. రోజూ విమానాల పొట్టల కింద నిలబడి సిమెంటు కలిపేవాళ్ళం. మా పాస్‌పోర్టులు దిగిన రోజే కఫీల్, అంటే మాకు వీసా ఇచ్చిన యజమాని, పంపిన మనిషి తీసుకున్నాడు. అవి క్యాంపు ఆఫీసులో ఇనప బీరువాలో ఉండేవి, తాళంచెవి క్యాంపు బాసు దగ్గర. వాడు అరబ్బు కాదు, మన దేశం వాడే. గేటు దాటి సుత్తె పోవాలన్నా, మనిషి పోవాలన్నా వాడు రాసిన గేటు పాస్ కావాలి.

శుక్రవారం ఒక్కటే సెలవు. ఒక శుక్రవారం మనామా నుంచి పుస్తకాల బండి వచ్చింది. పనివాళ్ళ క్యాంపులకు పుస్తకాలు చేర్చాలని అక్కడి లైబ్రరీ ఒకదానికి బుద్ధి పుట్టిందట. బండితో వచ్చినాయన బహ్రెయినీ, కళ్ళద్దాల మనిషి, ఉర్దూ బాగా మాట్లాడేవాడు. అరల నిండా మలయాళం, ఉర్దూ, హిందీ, ఇంగ్లీషు. నేను కింది అర దాకా వెతికి, తెలుగు ఏదని అడిగాను.

"హిందీ ఉంది కదా భాయ్. మీరు ఇండియన్లే కదా?"

నాకు ఒళ్ళు మండింది. "మీరు ముసల్మానులే కదా సారూ, టర్కీ వాళ్ళ పుస్తకం ఇస్తే చదువుతారా?"

ఆయన నవ్వాడు. "పది మంది పేర్లు తీసుకురా. పది కార్డులయితే మీ భాషలో ఒక పెట్టె తెప్పిస్తాను" అన్నాడు.

మా గదిలో చదవొచ్చినవాళ్ళం ముగ్గురమే. మిగతా ఏడుగురి కోసం ఒక్కొక్కరినీ బతిమాలాను. మా అందరిలో పెద్దవాడు తాపీ మేస్త్రీ, చిన్నాయన వరసన అందరం కాకా అనే పిలిచేవాళ్ళం. ఆయన ససేమిరా అన్నాడు.

"కాయితం మీద ఏలుముద్ర ఏసినప్పుడల్ల మునిగింది మనమేరా."

"నీకు నేను చదివి వినిపిస్త కాకా."

"ఎడ్ల గురించి ఉంటదా?"

"ఉంటది" అన్నాను. ఉంటుందో లేదో నాకేం తెలుసు!

పెట్టె వచ్చింది. మనామాలో చర్చికి వచ్చే తెలుగువాళ్ళు తమ ఇళ్ళలోంచి ఏరి లైబ్రరీకి ఇచ్చినవట. సరిగ్గా పది పుస్తకాలు. వంటలు, భక్తి, రెండు డిటెక్టివ్ నవలలు. నా అదృష్టం, పశువుల రోగాల మీద ఒకటి, బొమ్మలతో సహా. డ్యూటీ నుంచి రాగానే అందరూ నా మంచం చుట్టూ చేరేవాళ్ళు. నేను చదవడం, కాక ఆ పుస్తకంతో కొట్లాడడం.

"గాలికుంటుకు గా మందా? రాసినోడు ఎన్నడన్న ఎద్దు పగ్గం పట్టిండా?"

ఆ రెండు వారాలు గేటు సంగతి గుర్తు రాలేదు. అంతకు ముందు రెండేళ్ళలో అది గుర్తు రాని పూట లేదు.

పద్ధతి ఏమిటంటే, రెండు వారాలకు పదీ తిరిగి ఇచ్చేయాలి, అప్పుడు కొత్త పెట్టె ఇస్తారు. ఆ శుక్రవారం రానే వచ్చింది. ఆయన రిజిస్టరు తెరిచి కూర్చున్నాడు. మా గదిలోంచి ఒక్కడూ బయటికి రాలేదు. లోపలికి వెళ్ళి చూస్తే పది పుస్తకాలూ దేవుడి పటం ముందు పేర్చి, అగరొత్తి వెలిగించి ఉంది.

"శుక్కురారం పూట ఇంట్లకెళ్లి సరస్వతిని ఎల్లగొడ్తార్ర?" అన్నాడు కాక.

"గిది ఇల్లా కాకా?"

"పండేది ఏడనో గదే ఇల్లు."

"శుక్కురారం లక్ష్మిది గదా. నడుమ సరస్వతికేమైతది?"

"అత్తాకోడండ్లురా వాళ్లు. కోడల్ని గుంజి బయటేస్తె అత్త నిమ్మలంగ కూసుంటదా? మనూర్ల లైబ్రరి సుత శుక్కురారం బందు పెడ్తరు. సర్కారుకు తెల్సిన ముచ్చట నీకు తెల్వదా, పెద్ద సదువరివి!"

గదంతా నవ్వింది. ఎవరూ లేవలేదు. దాచడం ఎందుకు, ఆ పదిలో నాదీ ఒకటి. నా చెయ్యీ రాలేదు.

బయట ఆయనకు ఉర్దూలో చెప్పబోయాను. "శుక్రవారం మంచిరోజు కదా అనే వచ్చాం" అన్నాడాయన.

"మాకూ మంచిరోజే సారూ. అందుకే ఇవ్వం."

ఆయనకు అర్థం కాలేదు. రిజిస్టరు మూశాడు. "వచ్చే శుక్రవారం పదీ నా చేతికి రావాలి. లేకపోతే పై వాళ్ళు ఒప్పుకోరు. బండి ఇక ఈ క్యాంపుకు రాదు."

వారమంతా ఆలోచించి ఒక దారి కనిపెట్టాను. గురువారం సాయంత్రం, దీపం పెట్టకముందే పుస్తకాలు గది దాటించాలి. గేటు అవతల మేము పఠాన్ చాచా అని పిలిచే కాపలాదారు గది ఉంది. రాత్రికి అక్కడ ఉంటే, శుక్రవారం మన ఇంట్లోంచి పోయినట్టు కాదు. కాక ఒప్పుకున్నాడు. పదీ కళ్ళకద్దుకుని బియ్యం సంచిలో పెట్టాడు.

గేటు దగ్గర బాసు ఎదురయ్యాడు.

"ఏం సామాన్ అది?"

"లైబ్రరీ పుస్తకాలు. చాచా దగ్గర పెడతా. రేపు బండి వస్తుంది."

"పాస్ ఉందా?"

"పుస్తకాలకు పాసేంది భాయ్?"

"లేదుగా? ఖలాస్."

సంచి లాక్కుని ఆఫీసులోకి నడిచాడు. నేను వెంటపడ్డాను. వాడి కాళ్ళు పట్టుకోలేదు గాని, పట్టుకున్నంత పని చేశాను. బీరువా తలుపు పడిన చప్పుడు బయటికి వినబడింది.

తెల్లారి బండి వచ్చింది. జరిగింది జరిగినట్టు చెప్పాను. ఆయన కళ్ళద్దాలు తీసి తుడుచుకుని ఆఫీసులోకి వెళ్ళాడు. నేను వెనకే వెళ్ళి గుమ్మంలో నిలబడ్డాను.

"నా పది పుస్తకాలు మీ దగ్గర ఉన్నాయట."

అంతే. గొంతు పెంచలేదు, బతిమాలలేదు. బాసు కుర్చీలోంచి లేచాడు. "కూర్చోండి సార్, చాయ్ తెప్పిస్తాను" అంటూనే తాళం తీశాడు. కింది అరలో మా బియ్యం సంచి. పై అరలో పాస్‌పోర్టులు, కట్టలు కట్టలుగా, రబ్బరు బ్యాండ్లు వేసి. ఆ కట్టల్లో ఎక్కడో నా మొహం ఉంది. రెండేళ్ళ తరువాత వాటిని చూడడం అదే.

ఆయన పదీ లెక్కపెట్టి టిక్కులు పెట్టుకున్నాడు. బాసు తానే గేటు పాస్ రాసి ఇచ్చాడు: పుస్తకాలు, పది, బయటికి.

నాకు ఎక్కడినుంచి ధైర్యం వచ్చిందో. "సారూ, పై అరలో మావి కూడా ఉన్నాయి. అవీ అడగండి" అన్నాను.

ఆయన బీరువా వైపు చూశాడు, నా వైపు చూశాడు. అప్పటికే తలుపు మూసుకుంది. బయటికి వచ్చాక మెల్లగా అన్నాడు: "పుస్తకాల మీద నా ముద్ర ఉంది భాయ్. వాటి మీద లేదు."

ఆయన మంచివాడు. కాదనను. కానీ మా వాటి మీద కూడా ముద్ర ఉంది కదా, ఒక దేశం ముద్ర! పది పాత పుస్తకాల కోసం ఒక మనిషి సెలవురోజున ఆ ఆఫీసు మెట్లెక్కాడు. మా కోసం ఆ దేశం తరఫున, నేనున్న అయిదేళ్ళలో ఒక్కడూ ఎక్కలేదు. పుస్తకాలు బండెక్కి గేటు దాటి పోతుంటే, కొత్త పెట్టె చంకలో పెట్టుకుని లోపలి వైపే నిలబడి చూశాను.

గదిలోకి రాగానే కాక అడిగాడు.

"పోయినయా?"

"పోయినయ్ కాకా."

"ఎట్లజేసినా శుక్కురారమే పాయె గదరా."

"మనింట్లకెళ్లి పోలే కాకా. వాని బీరువలకెళ్లి పోయినయ్."

కాక కాసేపు గడ్డం గీరుకున్నాడు. "అట్లయితె పోనియ్. ఆ బీరువ దిక్కు లక్ష్మి మల్ల సూడది" అన్నాడు. తరువాత పెట్టె వైపు తల ఊపాడు. "ఇండ్ల ఎడ్లున్నయా?"

"లేవు. కోళ్ల పెంపకం ఉంది."

"కోళ్లే సదువు."

అప్పుడే పైన ఒక విమానం లేచింది. రేకులు అదిరాయి. ఆ మోత తగ్గేదాకా ఆగి, మొదటి పేజీ తీశాను.