కిటికీ వైపు తిప్పిన కుర్చీ

సైకాలజీ మేడం చనిపోయారని పోయిన ఆదివారం మా గల్లీ వాట్సాప్ గ్రూపులో వచ్చింది. నిమిషంలో అందరూ దండం బొమ్మలు పెట్టారు. మా అమ్మ కూడా పెట్టింది. నేను ఫోన్ బోర్లించి బాత్రూంలోకి వెళ్లి, నల్లా తిప్పి ఏడ్చాను. ఎందుకో ఇంట్లో ఎవరికీ తెలియదు.

మేడం కాలేజీలో పాఠాలు చెప్పి రిటైరయ్యారు. హనుమకొండలో మాకు మూడిళ్ల అవతల ఉండేవారు. మా స్కూల్లో సైకాలజీ తీసుకున్న ఆరుగురం పిల్లలం సాయంత్రాలు ఆమె దగ్గర ట్యూషన్‌కి వెళ్లేవాళ్లం. 'అన్‌కాన్షస్' అంటే ఏమిటో ఇంగ్లిష్‌లో గడగడా అప్పజెప్పేదాన్ని కానీ ఒక్క ముక్క అర్థమయ్యేది కాదు. మేడం మా నాన్న బట్టల దుకాణాన్నే ఉదాహరణగా పెట్టి చెప్పారు.

"షోకేస్‌ల బొమ్మకు కట్టిన చీర అందరికి కనబడతది. ఎనుక గోడౌన్ల ఏమున్నదో కనబడతదా? మనసు గూడ గట్లనే."

"మా గోడౌన్ల ఎలుకలున్నయి మేడం."

"అందరి గోడౌన్లల్ల ఉంటయి బిడ్డా. నీ ఒక్కదాన్లనే ఉన్నయని ఫికర్ పెట్టుకోకు."

మాలో ఎవరైనా లోపలి మాట చెప్పబోతే మేడం తన ప్లాస్టిక్ కుర్చీని కిటికీ వైపు తిప్పుకునేవారు. మాకు వీపు పెట్టి, ఒళ్లో చాట పెట్టుకుని చిక్కుడుకాయల ఈనెలు తీసేవారు. "నా మొఖం చూసుకుంట మాట్లాడితే నాకు నచ్చేటిదే చెప్తరు," అనేవారు. ఒకడు ఏడో తరగతి దాకా పక్క తడిపానని ఆ వీపుకే చెప్పాడు. ఎవరమూ నవ్వలేదు.

కలలు రాసుకుంటే మంచిదన్నారు. "ఎవ్వరికి చూపియ్యకుండ్రి. నాకు గూడ."

ఒక కలలో మా తమ్ముడు జాతరలో తప్పిపోయాడు. నేను వెతకలేదు. ఐస్‌క్రీం తింటూ కూర్చున్నాను, హాయిగా ఉంది. అదీ రాశాను. నోట్‌బుక్ అమ్మకు దొరికింది.

"సొంత తమ్మున్ని గిట్ల రాస్తవానే? కడుపుల ఇంత విషం పెట్టుకున్నవా?"

భయంతో నోటికి వచ్చింది అనేశాను. "నేను కాదు మమ్మీ. మేడమే చెప్పి రాయించింది."

ఆ సాయంత్రమే అమ్మ నన్ను చెయ్యి పట్టుకుని లాక్కెళ్లింది. మిగతా ఐదుగురూ అక్కడే ఉన్నారు. కలలో ఉన్నదంతా చెప్పి, "పిల్లలతోని గిసొంటివి రాయిస్తరా మేడం?" అని అడిగింది. మేడం నా వైపు ఒకసారి చూశారు. ఒక్క మాటంటే నేను దొరికిపోయేదాన్ని.

"అవునమ్మా, నేనే రాయించిన. పోరినేమనకు."

అమ్మ గల్లీ అంతా చెప్పింది. వారంలో ట్యూషన్ ఆగిపోయింది. నేను మేడం గేటు తప్పించుకుని వెనక సందులోంచి స్కూలు బస్సుకు వెళ్లేదాన్ని. పరీక్షలో 'ప్రొజెక్షన్' ప్రశ్న వచ్చింది. మనలో ఉన్నది ఒప్పుకోలేక, మనకే తెలియకుండా ఇంకొకరి మీద వేయడం అని రాశాను. ఫుల్ మార్కులు. నేను మాత్రం తెలిసే వేశాను.

తర్వాత ఒక్కసారే, కూరగాయల బండి దగ్గర ఎదురుపడ్డారు.

"కలలు రాస్తున్నవా?"

"లేదు మేడం."

"రాయి బిడ్డా. మీ తమ్ముడు దొరికిండా లేదా, నాకు జర తెల్వాలె గద," అని నవ్వారు. నేను సంచి పట్టుకుని గబగబా వచ్చేశాను.

ఇది చదివేవాళ్లలో మా గల్లీవాళ్లుంటారు. అమ్మ ఉంటుంది. అయినా రాస్తున్నాను. మేడం నాతో ఏమీ రాయించలేదు. ఆ కల నాది. అబద్ధమూ నాదే.

ఆఖరి చూపుకు అమ్మతో వెళ్లాను. ముందు గదిలో అద్దం పెట్టెలో మేడం ముఖం అందరికీ కనబడుతోంది. ఆ ముఖం చూస్తూ నిజం చెప్పలేకపోయాను. లోపలి గదిలోకి వెళ్లాను. వచ్చినవాళ్ల కోసం కుర్చీలు మోసుకుపోతూ ఒకాయన ఆ ప్లాస్టిక్ కుర్చీ మీద కూడా చెయ్యి వేశారు.

"అదొక్కటి ఉండనియ్యుండ్రి అంకుల్," అన్నాను.

ఆయన వదిలేసి వెళ్లారు. నేను కుర్చీ వెనక నిలబడ్డాను. అది కిటికీ వైపే తిరిగి ఉంది. సీటు మీద చాట. సగం చిక్కుడుకాయలకు ఈనెలు తీసి ఉన్నాయి, మిగతా సగం అలాగే వాడిపోయి ఉన్నాయి.