తోడల్లుడి బేరం

ఆ పన్నెండు వాటాల మేడలో ఏ కుళాయి ఎప్పుడు మొరాయిస్తుందో పైపుల మేస్త్రికి చప్పుడు వింటేనే తెలిసిపోయేది. పంతొమ్మిదేళ్ళుగా మెట్ల కింద గదిలోనే అతని కాపురం. ఇంటాయన పెద్దవాడై మేడను అమ్మకానికి పెట్టినప్పుడు కూడా మేస్త్రి బెంగపడలేదు. ఎవరు కొన్నా నీళ్ళు కావాలి కదా అనుకున్నాడు. కొనడానికి వస్తున్నది సొంత తోడల్లుడని తెలిశాక మాత్రం అతనికి అన్నం సహించలేదు.

ఇద్దరూ ఒకే ఏడు పైపుల పనిలో చేరినవాళ్ళు. తోడల్లుడు రెండేళ్ళకే పానా వదిలేసి దుకాణం పెట్టాడు. ఒకటి నాలుగయ్యాయి. అద్దెలొచ్చే మేడ ఒకటుంటే ముందుముందు ధీమాగా ఉంటుందని ఇప్పుడు ఇటు బయల్దేరాడు.

"పరాయివాడి కింద ఉండేకన్నా మా చెల్లెలి మొగుడి కింద ఉండటం నయం కాదూ?" అంది భార్య.

"పొద్దున్నే లేచి వాడికి నమస్కారం పెట్టమంటావా?"

"పెట్టకపోతే మానెయ్యయ్యా. కడుపులో మంట మాత్రం పెట్టుకోకు."

ఆదివారం తోడల్లుడు ఇస్త్రీ నలగని చొక్కాతో దిగాడు. మేడ చూపించమని ఇంటాయన మేస్త్రికే పురమాయించాడు. బేరం చెడగొట్టడానికి ఇంతకన్నా అదను దొరకదు. తుప్పుపట్టిన ట్యాంకు మూత, వెనకవైపు సజ్జా పగులు, మూలిగే మోటారు, ఒక్కటీ వదలకుండా చూపించాడు. తోడల్లుడు తల ఊపుతున్నాడే గానీ మొహం చిన్నబుచ్చుకోలేదు. మేస్త్రికి ఒళ్ళు మండింది. మూడో అంతస్తు స్నానాలగదిలో తెల్లటి టైల్స్ గోడకు అరచేయి ఆనించాడు.

"పైకి ఇలా కనిపిస్తుంది తమ్ముడూ. లోపల పైపు కారుతోంది. ఎప్పుడో ఒకనాడు గోడంతా ఊడొస్తుంది."

అది అబద్ధం. కిందటేడు ఆ పైపు మార్చి టైల్స్ అతికించింది తనే. నాలుగు రోజులు మోకాళ్ళ మీద కూర్చుని చేసిన పని.

తోడల్లుడు తిన్నగా ఇంటాయన దగ్గరికెళ్ళి లోపాలన్నీ అదే వరసలో అప్పజెప్పాడు. "మీ మేస్త్రే చెప్పాడండీ," అన్నాడు. ఇంటాయన మేస్త్రి వంక చూశాడు. మేస్త్రి కాదనలేకపోయాడు. ధర పదో వంతు తగ్గింది. సాయంత్రానికి బేరం ఖాయమైంది.

"అంతా మీ నోటి చలవ అన్నయ్యా," అన్నాడు తోడల్లుడు మెట్ల కింద గదిలో టీ తాగుతూ. "ఇంకొకడైతే మేడను ఆకాశానికెత్తి నన్ను ముంచేవాడు. ఎంతైనా సొంతమనిషి సొంతమనిషే."

భార్య కొంగు నోటికడ్డం పెట్టుకుని అటు తిరిగింది.

రిజిస్ట్రేషను అయిన మర్నాడే తోడల్లుడు మూడో అంతస్తుకి రమ్మన్నాడు. "ముందు ఈ గోడ సంగతి చూడండి. మీరు చెప్పిందగ్గర్నుంచీ నాకు ఇదే దిగులు."

మేస్త్రి ఉలి ఆనించి సుత్తితో కొట్టాడు. టైలు కదల్లేదు. ఆరో దెబ్బకు చిన్న పెచ్చు లేచింది. ఆ వాటాలో అద్దెకుంటున్న టీచరమ్మ గుమ్మంలోంచి, "నిక్షేపంలాంటి గోడండీ, ఎందుకు పగలగొడుతున్నారు?" అంది. మేస్త్రి తలెత్తలేదు. పైపు బయటపడేదాకా కొట్టాడు.

తోడల్లుడు వంగి లోపల వేలు పెట్టి రుద్దాడు. వేలికి పొడి సిమెంటు అంటింది.

"చెమ్మే లేదే!"

"అంతా నీ అదృష్టం తమ్ముడూ," అన్నాడు మేస్త్రి.