మూసిన గేటు ముందు గీతలు

గీతల మేస్త్రికి కోపమొస్తే అరవడు. పని ఆపేస్తాడు. ముప్పై ఏళ్లుగా నగరం రోడ్ల మీద తెల్లగీతలు వేస్తున్న ఆ మనిషి పని ఆపడం ఆయన బావమరిది రెండుసార్లే చూశాడు. మూడోసారి చూసింది బడి దగ్గర.

ఆ పొద్దున రంగు కాచే బాయిలర్ బండిని రోడ్డు పక్కన నిలిపి, మేస్త్రి మునిసిపల్ ఆఫీసు ఇచ్చిన కాగితం విప్పాడు. చూశాడు. మడిచాడు. మళ్లీ విప్పాడు.

"ఏంటి బావా, రాని లెక్క ఇచ్చిన పరీక్ష పేపర్ని చూసినట్టు చూస్తున్నావు?" అన్నాడు బావమరిది, బాయిలర్ కింద మంట సరిచేస్తూ.

"నువ్వు చదువు."

"నాకంత చదువొస్తే నీ వెనకాల ఈ బండి ఎందుకు తోస్తాను? అయినా కొత్తగా ఏముంటుంది. బడి గేటు ముందు జీబ్రా గీతలు, అటూ ఇటూ 'బడి, నెమ్మది' అని అక్షరాలు."

"ఏ గేటు ముందు?"

బావమరిది తలెత్తి చూశాడు. పెద్దరోడ్డు మీదున్న గేటుకి లావుపాటి గొలుసు, తాళం. లోపల టీచర్ల కార్లు వరసగా ఉన్నాయి. కార్లకి చోటు చాలడంలేదని రెండేళ్ల కిందట ఆ గేటు మూసేశారు. అప్పటి నుంచి పిల్లలు మూల తిరిగి, పక్కరోడ్డులో ఉన్న చిన్నగేటు నుంచే వచ్చిపోతున్నారు. మలుపు తిరిగే బళ్లకి గోడ అడ్డం, గేటు కనబడదు. పదకొండు రోజుల కిందట ఆ మలుపులోనే రెండో తరగతి పిల్లని వ్యాను గుద్దింది. కాలు రెండుచోట్ల విరిగింది. మేస్త్రి మనవరాలిదీ అదే తరగతి, అదే బెంచీ. పక్కచోటు ఖాళీగా ఉందని ఇంటికొచ్చి రోజూ చెబుతోంది.

ఆ ప్రమాదంతో ఆఫీసు ఉలిక్కిపడి లేచింది. లేచి, మూసిన గేటు ముందు వెలిసిపోయిన గీతల్ని మళ్లీ వేయమంది.

మేస్త్రి ఇంజనీరుకి ఫోన్ చేశాడు.

"సార్, ఇక్కడ గేటు మూసేశారు. పిల్లలు పక్కరోడ్డులో దాటుతున్నారు."

"డ్రాయింగ్‌లో ఏముంది?"

"పాత గేటే ఉంది."

"మరింకేం, దాని ప్రకారం వెయ్యి."

"పిల్లలు డ్రాయింగ్ ప్రకారం నడవట్లేదు సార్."

"నాకు పాఠాలు చెప్పకు. డ్రాయింగ్ మారాలంటే సర్వే జరగాలి, కమిటీ కూర్చోవాలి, పైనుంచి సంతకం రావాలి. ఆరు నెలలు. ప్రమాదం జరిగాక ఏం చేశారని పైవాళ్లు రేపే అడుగుతారు. సాయంత్రానికి గీతలేసి ఫొటో పంపు."

మేస్త్రి పెద్దటీచరు గదికి వెళ్లాడు. గోడ నిండా పిల్లలు వేసిన బొమ్మలు అంటించి ఉన్నాయి. అన్నిట్లోనూ జీబ్రా గీతలే. వాటి మీద చేతులు పట్టుకుని దాటుతున్న పిల్లలు.

"అమ్మా, ఆ పెద్దగేటు తాళం తీయించండి. గీతలు దాని ముందే వేసేస్తాను."

"మా కార్లు ఎక్కడ పెట్టుకోమంటారు?"

"పిల్లల్ని ఎక్కడ పెట్టారో చూశారు కదా."

ఆమె ముఖం ముడుచుకుంది. "అది ఆఫీసువాళ్లు చూసుకోవాలి. మేం ఉత్తరం కూడా రాశాం."

"గేటు మారిందని రాశారా అందులో?"

"రోడ్డు భద్రత గురించి రాశాం," అందామె, బల్ల మీద కాగితాలు సర్దుతూ.

బయటికొచ్చి మేస్త్రి చాలాసేపు ఆ గొలుసుని చూశాడు. పోయినేడు ఇదే చోట గీతలు దిద్దింది తనే. అప్పటికే గేటు మూసి ఏడాది. ఆ రోజు డ్రాయింగ్ చూసుకున్నాడు, కొలత చూసుకున్నాడు, ఫొటో పంపి ఇంటికెళ్లి హాయిగా అన్నం తిన్నాడు. తాళం వైపు తలెత్తి చూస్తే ఒట్టు. ఇంజనీరు మీదా పెద్దటీచరు మీదా ఉన్న కోపం ఒక ఎత్తు, ఇది ఒక ఎత్తు. ఎవరి మీదా పారేయడానికి వీల్లేని కోపం.

"బండి మూల తిప్పు," అన్నాడు.

"బావా, ఆఫీసు పనులిచ్చే మేస్త్రీల లిస్టులోంచి నీ పేరు కొట్టేస్తారు. అక్క నన్ను చంపేస్తుంది."

"మీ అక్కకి నేను చెప్పుకుంటాను. తొయ్యి."

చిన్నగేటు ముందు దారం లాగి సుద్దతో గుర్తులు పెట్టారు. కాగిన రంగు పెనం మీది పిండిలా నెమ్మదిగా పరుచుకుంది. ఆరకముందే బావమరిది దాని మీద గాజుపొడి చల్లాడు, రాత్రి బళ్ల లైట్లకి మెరవాలని. మలుపుకి ముందు మేస్త్రి అక్షరాలు రాశాడు. దూరం నుంచి వచ్చే డ్రైవరు కంటికి సరిగ్గా ఆనాలంటే వాటిని మనిషి పొడుగున సాగదీయాలి. 'నెమ్మది' అన్న మాటకి మామూలు కన్నా రెండింతల రంగు పోశాడు.

ఫొటో అందిన అరగంటలో ఇంజనీరు వచ్చి దిగాడు.

"ఎవడు వేయమన్నాడు ఇక్కడ? చెరిపెయ్."

"చెరపమని ఆర్డరుందా సార్?"

"నేను చెబుతున్నా కదా."

"నోటిమాట మీద రోడ్డు ముట్టుకోవద్దని మీరే నేర్పారు. అయినా ఇక్కడ గీతలున్నాయని మీ డ్రాయింగ్‌లో ఉందా? లేని గీతలు చెరపమని ఎలా రాసిస్తారు?"

బావమరిది నవ్వు ఆపుకోలేక బాయిలర్ వెనక్కి పోయాడు. ఇంజనీరు ముఖం మెడ దాకా ఎర్రబడింది.

"నీ పేరు లిస్టులోంచి తీసేస్తున్నాను."

"తీసేయండి. అదైతే రాసే ఉంది, తీయడానికి వీలవుతుంది."

నాలుగోరోజు పేరు పోయింది. పాత గేటు ముందు గీతలు వేరే మేస్త్రి వేశాడు. పనిలేని మనిషి పొద్దునా సాయంత్రం మనవరాలి చెయ్యి పట్టుకుని తన గీతల దగ్గర నిలబడేవాడు. సగం బళ్లు ఆగేవి. ఆగని కార్ల బానెట్ మీద అరచేత్తో చరిచేవాడు. "వదిలేయ్ బావా, నీకెందుకు," అని బావమరిది అంటే, "అదే మాట అనుకునే ఏడాది గడిపాను," అన్నాడు.

గీతలు చెరపాలంటే ముందు అవి ఉన్నాయని రాసుకోవాలి. అందుకని పదోరోజు, బడి వదిలే వేళకి, ఆఫీసు నుంచి సర్వేయరు వచ్చాడు. వెంట మనిషి లేడు.

"పెద్దాయనా, ఈ టేపు కొస కాస్త పట్టుకుంటారా?"

మేస్త్రి పట్టుకుని గేటు స్తంభానికి ఆనించాడు. సర్వేయరు టేపు లాక్కుంటూ రోడ్డు అవతలికి వెళ్లి పుస్తకంలో రాసుకున్నాడు.

"ఏం రాశారు?"

"అనుమతి లేని గీతలు, ఆరు."

"గేటు రాశారా?"

"గేటు గురించి నన్నడగలేదండీ."

"రాయండి."

"నా పని గీతల వరకే. టేపు వదలండి."

మేస్త్రి వదల్లేదు. కొసని స్తంభానికి రెండు చేతులా అదిమి పట్టాడు. టేపు రోడ్డుకి అడ్డంగా బిగుసుకుంది. మలుపు తిరిగిన వ్యాను కీచుమని ఆగింది. దాని వెనక కారు, దాని వెనక ఇంకో కారు. హారన్లు మొదలయ్యాయి. బడిగంట కొట్టారు. పిల్లలు బిలబిలమంటూ వచ్చి, టేపు పక్కనే తెల్లగీతల మీద దాటడం మొదలుపెట్టారు.

"పెద్దాయనా, బళ్లు ఆగిపోయాయి. అందరూ నన్ను తిడుతున్నారు."

"తిట్టనివ్వండి. మీరు రాయండి."

సర్వేయరు బళ్ల వైపు చూశాడు, పిల్లల వైపు చూశాడు, జేబులోంచి పెన్ను తీశాడు.

"రాశాను. వదలండి."

"చదవండి."

"బడి గేటు. వాడుకలో ఉంది."

"మలుపు నుంచి కనబడదని కూడా రాయండి," అన్నాడు మేస్త్రి, కొస మీద పట్టు సడలించకుండా.